ఫోన్ రివ్యూలో తెలుగు రాతకు మార్కులేవి?

ఫోన్ రివ్యూ అంటే మనకో లెక్క ఉంది. కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే, ప్రాసెసర్, గేమింగ్, చార్జింగ్ స్పీడ్. రాత్రిపూట తీసిన ఫొటోని జూమ్ చేసి గోడ మీద పెచ్చులు కూడా లెక్కపెడతాం. కానీ ఆ ఫోన్‌లో ఒక పదేళ్ల పిల్లాడు తెలుగులో ఐదు వాక్యాలు రాయగలడా, నోటితో చెప్పింది సరిగ్గా టైప్ అవుతుందా, రాసింది తిరిగి చదివి వినిపిస్తుందా? ఈ ప్రశ్నలు ఏ రివ్యూలోనూ కనపడవు. బాక్స్‌లో చార్జర్ లేదని మాత్రం పేజీలకు పేజీలు ఏడుస్తాం. నా వాదన ఏంటంటే, రాత కష్టంగా ఉన్న పిల్లలకు ఇంట్లో ఉన్న మామూలు ఫోనే మంచి పనిముట్టు. దాన్ని ఆ పనికి దాదాపు ఎవరూ వాడట్లేదు, గాడ్జెట్ పిచ్చి ఉన్న మనం కూడా.

నాది జగిత్యాల. చుట్టాలు కోరుట్లలో, సిరిసిల్లలో ఉన్నారు. శని ఆదివారాలు హైదరాబాద్ నుంచి ఊరికి పోయినప్పుడు మా పిల్లల నోట్‌బుక్కులు తిరగేయడం అలవాటైంది. మూడు ఊళ్లలోనూ కనపడేది ఒకటే. మాట్లాడమంటే ఆగరు, రాయమంటే సాగరు. కోరుట్లలో ఏడో తరగతి పిల్లాడొకడు వాళ్ల నాన్న సౌదీ నుంచి వచ్చిన రోజు గురించి రెండు నిమిషాలు చెప్పాడు. ఎయిర్‌పోర్టులో ఎంతసేపు నిలబడ్డారు, సంచిలో ఏమేం తెచ్చాడు, చెల్లె ఆయన్ని గుర్తుపట్టక ఎట్ల ఏడ్చింది, అన్నీ చెప్పాడు. అదే రాయమంటే కాగితం మీద పడ్డవి రెండు వాక్యాలు: ‘మా నాన సౌదిలొ ఉంటడు. మా నాన మంచివాడు.’ వాడికి తెలివి లేక కాదు, చెప్పడానికి కథ లేక అంతకన్నా కాదు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించాలి. ఈ ఊళ్ల నుంచి దుబాయి, మస్కట్, సౌదీ పోవడం కొత్త కాదు. ఒకప్పుడు ఆ ఇళ్లల్లో ఉత్తరం ఉండేది. రాయడం రానివాళ్లు పక్కింటి చదువుకున్న పిల్లను పిలిచి రాయించుకునేవాళ్లు. ఆ తర్వాత ఫోన్ కాల్, ఐఎంఓ, ఇప్పుడు వాట్సాప్ వాయిస్ మెసేజ్. మంచిదే, తండ్రి గొంతు రోజూ వినపడుతుంది. కానీ ఇంట్లో రాయాల్సిన అవసరం పూర్తిగా పోయింది. పిల్లాడికి రాత అంటే ఇప్పుడు బడిలో బోర్డు చూసి ఎక్కించుకునేది, పరీక్షకు గైడు నుంచి బట్టీ పట్టేది. తన మాట కాగితం మీద చూసుకోవడం అనే అనుభవమే లేదు. ఆ అనుభవం ఫోన్‌తో పోయింది కాబట్టి ఫోన్‌తోనే వెనక్కి తేవచ్చని నా నమ్మకం.

రాయడం అంటే ఒక పని కాదు, ఒకేసారి నాలుగైదు పనులు. ఏం చెప్పాలో ఆలోచించాలి, వాక్యం కట్టాలి, శబ్దాన్ని అక్షరంగా మార్చాలి, ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో గుర్తుతెచ్చుకోవాలి, చేతితో గీయాలి. మన భాషలో చెప్పాలంటే ర్యామ్ చాలట్లేదు. ‘సౌదీలో’ అన్న మాటలో దీర్ఘాల దగ్గర ఇరుక్కున్న పిల్లాడికి చెల్లె ఏడ్చిన సంగతి అప్పటికే మెమరీలోంచి ఎగిరిపోయి ఉంటుంది. టెక్నాలజీ చేయాల్సింది వాడి బదులు రాసిపెట్టడం కాదు. ఆ పనుల్లో ఒకటిరెండు కాసేపు తన మీద వేసుకుని, మిగిలినవి వాడిని చేయనివ్వడం.

నేను చేసి చూసిన పద్ధతిలో గొప్ప ఇంజినీరింగ్ ఏమీ లేదు. జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 ఆగస్టు నుంచి ఉంది. ఆ విడతలో గూగుల్ తెలుగుతో కలిపి 8 భారతీయ భాషలను చేర్చింది. గూగుల్ కీప్ లాంటి నోట్స్ యాప్ తెరిచి మైక్ నొక్కి పిల్లాడిని చెప్పమన్నాను. వాడి మాటలు అక్షరాలై తెర మీదకు వస్తుంటే వాడి మొహం చూడాలి. తర్వాత అసలు పని మొదలవుతుంది. నేను చూసిన ఫోన్లలో తెలుగు వాయిస్ టైపింగ్ పూర్ణవిరామాలు, కామాలు పెట్టదు. మొత్తం ఒకే కుప్పగా వస్తుంది. మామూలుగా అయితే దీన్ని లోపం అని రాస్తాం. ఇక్కడ మాత్రం అది వరం. ఎక్కడ ఆపాలో పిల్లాడే చూసి చుక్క పెట్టాలి. ఆ తర్వాత సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసి ఫోన్‌తో చదివించాలి. తను రాసింది పరాయి గొంతులో విన్నప్పుడు పిల్లలు తప్పు ఠక్కున పట్టుకుంటారు, కంటితో చదివితే పది సార్లు చూసినా పట్టుకోరు. దిద్దుకున్నాక ఫోన్ పక్కన పెట్టి, పెన్నుతో నోట్‌బుక్కులో మళ్లీ రాయాలి. ఈ చివరి మెట్టు లేకపోతే మిగిలినదంతా ఆటే.

కోరుట్ల పిల్లాడు ఈ పద్ధతిలో మొదటి వారమే పదకొండు వాక్యాలు రాశాడు. ఇది సర్వే కాదు, నలుగురు పిల్లలతో మూడు నెలలు చూసిన సంగతి మాత్రమే. ఆ నలుగురిలో ఒక అమ్మాయికి ఇది ఏమాత్రం నచ్చలేదు. తను ఇప్పటికే బాగా రాస్తుంది, ఫోన్‌తో చెప్పించడం తనకు విసుగు. ఇంకో పిల్లాడికి అక్షరాలే సరిగా రావు. తెర మీద వచ్చింది తన మాటేనా కాదా అని చదివి చూసుకోలేని వాడికి వాయిస్ టైపింగ్ ఇచ్చి లాభం లేదు. వాడికి ముందు చదవడం కావాలి. దానికి గూగుల్ రీడ్ అలాంగ్ బాగుంది. 2019 మార్చిలో బోలో అనే పేరుతో హిందీ, ఇంగ్లిష్‌లో వచ్చి, తర్వాత పేరు మార్చుకుని తెలుగు కూడా నేర్చుకుంది. పిల్లాడు గట్టిగా చదువుతుంటే దియా అనే బొమ్మ విని, ఆగిన చోట అందిస్తుంది. కథలు దించుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తుంది.

సిరిసిల్లలో మాత్రం వేరే కష్టం వచ్చింది. సాంచాల పక్కన ఇల్లు. మరమగ్గం చప్పుడు ఎట్లుంటుందో విన్నవాళ్లకే తెలుస్తుంది. ఆ ఇంట్లో వాళ్లకు అది అసలు వినపడదు, అలవాటైపోయింది. ఫోన్ మైక్‌కు మాత్రం అదే వినపడుతుంది. చెప్పింది సగం ఎగిరిపోయి, మిగతా సగం వింత మాటలుగా వచ్చింది. నాయిస్ క్యాన్సిలేషన్ అని స్పెసిఫికేషన్ షీట్లలో రాసుకునే కంపెనీలన్నీ ఒకసారి తమ ఫోన్లు తెచ్చి ఇక్కడ పెట్టి చూడాలి. చివరికి పనిచేసింది నూటయాభై రూపాయల వైర్ ఇయర్‌ఫోన్. దాని మైక్ నోటి దగ్గర పెట్టుకుంటే చాలావరకు సరిగ్గా పట్టింది. 3.5 ఎంఎం జాక్ తీసేసిన కంపెనీలను తిట్టడానికి నాకు ఇంకో కారణం దొరికింది.

వాయిస్ వద్దనుకుంటే టైపింగ్. ఇక్కడ నాకో గట్టి అభిప్రాయం ఉంది, చాలామంది ఒప్పుకోరు. రాత నేర్చుకునే పిల్లలకు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే తెలుగు కీబోర్డ్ ఇవ్వకూడదు. మనకు అది స్పీడ్, నేనూ చాటింగ్‌కి అదే వాడతా. కానీ పళ్లెం అని రాయాలంటే అందులో ఉన్నది ‘ల’నా ‘ళ’నా అని పిల్లాడు ఆలోచించాల్సిన పనే ఉండదు. పి, ఏ, ఎల్, ఎల్ కొట్టుకుంటూ పోయి, పైన చూపించిన మూడు పదాల్లో ఒకటి నొక్కుతాడు. న–ణ, శ–ష–స, అల్పప్రాణం–మహాప్రాణం, ఇవన్నీ మిషన్ చూసుకుంటుంది. వాడు నేర్చుకునేది ఇంగ్లిష్ స్పెల్లింగే, అదీ తప్పుడు స్పెల్లింగ్. తెలుగు అక్షరాలే కనపడే కీబోర్డ్ పెట్టండి. మొదటి రెండు రోజులు నత్తనడకే, మూడో రోజుకి వేలికి దారి తెలుస్తుంది.

ఆ కీబోర్డ్‌తో ఒక లాభం ఉంది, మనలాంటి వాళ్లకు బాగా అర్థమవుతుంది. ‘స్త్రీ’ అనేది చూడ్డానికి ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు కోడ్ పాయింట్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒక్కొక్కటే కొట్టుకుంటూ పోతే అక్షరం ఎట్లా కట్టారో విడదీసి కనపడుతుంది. జగిత్యాలలో ఐదో తరగతి పాపకు ఇది చూపిస్తే పావుగంట అదే ఆడుకుంది, అక్షరం కట్టడం, విప్పడం. ‘ఒత్తు ఇట్ల పుడ్తదా?’ అని అడిగింది. (ఈ కూర్పు కంపెనీలకే కష్టం. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’తో ముడిపడ్డ ఒక అక్షరాల వరుస మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు క్రాష్ అయ్యేవి. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ సరిచేసింది. ఆ వారం ప్రపంచంలో ఉన్న టెక్ సైట్లన్నీ మన అక్షరం గురించి రాశాయి. మళ్లీ ఎప్పుడూ రాయలేదు.)

జీబోర్డ్‌లో చేతిరాత ఆప్షన్ కూడా ఉంది. తెర మీద వేలితో రాస్తే గుర్తుపడుతుంది. గూగుల్ దీన్ని 2015లో వేరే యాప్‌గా 82 భాషలతో తెచ్చింది. ధైర్యం రావడానికి మంచిది. అయితే అది మరీ దయగలది. సగం గీసిన ఒత్తును కూడా సరైనదనుకుని పూర్తి చేస్తుంది. అక్షరం దిద్దించడానికి రెండు వందల రూపాయల ఎల్‌సీడీ రైటింగ్ ప్యాడ్ దీనికంటే మేలు. దానికి తెలివి లేదు, అదే దాని గుణం.

ఇంగ్లిష్‌లో రాత కష్టమయ్యే పిల్లల కోసం కో:రైటర్, రీడ్ అండ్ రైట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. తప్పుగా మొదలుపెట్టిన పదాన్ని కూడా శబ్దాన్ని బట్టి ఊహించి సరైన పదాలు చూపిస్తాయి, చదివి వినిపిస్తాయి. తెలుగులో వాటికి సాటి వచ్చేది నాకు కనపడలేదు. కారణం కొంత భాషలోనే ఉంది. హన్‌స్పెల్ లాంటి స్పెల్ చెకర్‌కి పదాల జాబితా, ప్రత్యయాల నియమాలు ఇస్తే చాలు అనుకుంటాం. కానీ ‘వచ్చేసినట్టున్నాడు’ అనేది మనకు ఒకే మాట. ఇట్లాంటివి ఒక్క క్రియ నుంచే వందల్లో పుడతాయి, వాటి మీద సంధులు. జాబితా ఎంత పెంచినా సరైన మాటల కింద ఎర్రగీతలు పడుతూనే ఉంటాయి. రాయడానికి భయపడే పిల్లాడికి సరిగ్గా రాసిన మాట కింద ఎర్రగీత కంటే హాని ఇంకోటి లేదు. అందుకే నేను పిల్లల కోసం సెట్ చేసిన ఫోన్లలో స్పెల్ చెక్ తీసేశా.

ఇక చాట్‌బాట్‌లు. 2024 మేలో జీపీటీ–4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో తెలుగు వాక్యానికి పట్టే టోకెన్లు 159 నుంచి 45కి తగ్గాయి. అంటే అప్పటిదాకా మన అక్షరాలను ముక్కలు ముక్కలు చేసి తింటున్న మోడల్ కొంచెం పద్ధతిగా తినడం నేర్చుకుంది. ఇప్పుడు ‘వర్షాకాలం గురించి వ్యాసం రాయి’ అంటే పది సెకన్లలో శుభ్రమైన తెలుగు వస్తుంది. ఇది పాత గైడుకి కొత్త రూపం, అంతే. పదో తరగతి తెలుగు పేపర్లో వ్యక్తీకరణ, సృజనాత్మకత కింద లేఖలు, కరపత్రాలు, సంభాషణలు అడిగేది పిల్లాడి సొంత మాట కోసం. గైడు అది చంపింది, చాట్‌బాట్ దాన్ని పూడ్చిపెడుతుంది.

వాడాలనుకుంటే తిప్పి వాడొచ్చు. పెద్దవాళ్ల ఫోన్‌లో, పెద్దవాళ్లు పక్కనుండగా. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లలోపు పిల్లలు సొంతంగా వాడకూడదు కూడా. నేను ఇచ్చే ప్రాంప్ట్ ఇది: ‘నువ్వు ఒక్క వాక్యం కూడా రాయొద్దు, దిద్దొద్దు. ఈ పిల్లాడు రాసింది చదివి, నీకు ఇంకా తెలుసుకోవాలనిపించిన మూడు ప్రశ్నలు మాత్రం అడుగు.’ ‘మీ నాన్న సంచి విప్పినప్పుడు ముందు ఎవరిది తీశారు?’ లాంటి ప్రశ్న వస్తే పిల్లాడు ఇంకో నాలుగు వాక్యాలు తన్నుకుంటూ రాస్తాడు. ఈ పని ఓపికున్న మనిషి కూడా చేయొచ్చు. నలభై మంది ఉన్న క్లాసులో ఒక్క సార్‌కి అంత టైమ్ దొరకదు, బీడీల చాట ముందు కూర్చున్న తల్లికీ దొరకదు.

దిద్దొద్దు అని ఎందుకు చెప్పానంటే, ఈ మోడళ్లకు ‘పోయిండు’ కనపడితే చాలు ‘వెళ్లాడు’ అని మార్చేస్తాయి. ‘గిట్ల’ అంటే ‘ఇలా’ అంటాయి. వాటికి అది తప్పు. నాకిది నచ్చదు. పరీక్షలో ఏది రాయాలో పిల్లాడు నేర్చుకోవాలి, కాదనను. కానీ మొదటి రాతలో ఇంటి మాట రానివ్వాలి. సి.నారాయణరెడ్డి పుట్టిన హనుమాజీపేట ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోదే. నిజాం కాలంలో ఆయన బడి చదువు ఉర్దూ మీడియంలో నడిచింది. 1988లో జ్ఞానపీఠం తెలుగు కవిత్వానికి వచ్చింది. ఇంటి భాష, బడి భాష వేరవడం ఈ నేలకు కొత్త కాదు. ఇప్పుడు 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్. పిల్లాడి నెత్తిన ఇప్పటికే మూడు భాషలున్నాయి: ఇంటి తెలుగు, పుస్తకం తెలుగు, ఇంగ్లిష్. మొదటిదాన్ని మిషన్ కూడా తప్పంటే వాడు ఇంక ఏ భాషలో ఆలోచించాలి?

ప్రభుత్వం ఏమీ చేయట్లేదని అనను. 2022 ఆగస్టులో తెలంగాణలో తొలిమెట్టు మొదలైంది. 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కొన్ని ప్రాథమిక బడుల్లో కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఏఐతో తెలుగు, ఇంగ్లిష్ చదవడం, లెక్కలు సాధన చేయించడం మొదలుపెట్టారు. అడుగు మంచిదే. కానీ గమనించండి, అన్నీ చదవడం మీదే. కొలిచేది కూడా అదే. 2024 అసర్ రిపోర్టు దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవాళ్లు 23.4 శాతం అని చెప్పింది. రాయగలిగేవాళ్లు ఎంతమంది అనే అంకె ఆ రిపోర్టులో ఉండదు, ఎందుకంటే వాళ్లు చూసేది చదవడం, లెక్కలు. కొలవనిదానికి యాప్ ఎవరు చేస్తారు?

అదే రిపోర్టులో మనకు పనికొచ్చే ఇంకో లెక్క ఉంది. 14–16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. 82 శాతం మందికి వాడడం వచ్చు. ఆ వాడేవాళ్లలో ముందు వారం సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం, చదువుకు వాడినవాళ్లు 57 శాతం. కాబట్టి పరికరం కొరత కాదిది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబర్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు శాంసంగ్ ట్యాబ్‌లు పంచారు, బైజూస్ పాఠాలు నింపి. వీడియో చూడ్డానికి ట్యాబ్ బాగుంటుంది. చూడడం ఒక పని, రాయడం ఇంకో పని. ట్యాబ్ ఇచ్చేటప్పుడు ఈ తేడా ఎవరైనా ఆలోచించి ఉంటే అందులో పాఠాలకంటే ముందు మంచి తెలుగు కీబోర్డ్ వేసేవాళ్లు.

జగిత్యాలలో ఒక టీచర్ సార్ నాతో వాదించారు. పరీక్ష పెన్నుతో రాయాలి, నువ్వు ఫోన్ అలవాటు చేస్తే చేతిరాత పాడైతది, అసలే ఫోన్ వదలరు అని. ఆయన మాటలో సగం నిజం ఉంది. అందుకే పది నిమిషాలు ఫోన్, ఇరవై నిమిషాలు నోట్‌బుక్కు అని లెక్క పెట్టుకున్నా, ఆ పది నిమిషాలూ ఏరోప్లేన్ మోడ్ కుదరదు కాబట్టి యాప్ పిన్నింగ్ ఆన్ చేస్తా. మిగతా సగానికి మాత్రం ఒప్పుకోను. 2007లో అమెరికాలో స్టీవ్ గ్రాహమ్, డొలోరెస్ పెరిన్ రాసిన ‘రైటింగ్ నెక్స్ట్’ అనే నివేదిక, నాలుగు నుంచి పన్నెండు తరగతుల పిల్లల రాత మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, పనిచేసే పద్ధతులు 11 లెక్కగట్టింది. కంప్యూటర్‌లో రాయడం అందులో ఒకటి, అదీ వెనకబడ్డ పిల్లలకు ఎక్కువ ఉపయోగపడొచ్చని చెప్పింది. దానికంటే పైన నిలిచింది ప్లాన్ చేసుకోవడం, రాయడం, మళ్లీ దిద్దుకోవడం ఎట్లాగో విడమరిచి నేర్పడం. అంటే పక్కన కూర్చునే మనిషి కావాల్సిందే. అది ఇంగ్లిష్ పిల్లల సంగతి అని మీరనొచ్చు. నిజమే, తెలుగుకి అట్లాంటి పని మనమే చేయాలి.

చేసేవాళ్లు ఉన్నారు కూడా. స్వేచ్ఛ సంస్థ తెలుగు కథలతో ఏఐ మోడల్ చేయడానికి ఇంజినీరింగ్ విద్యార్థులను కూర్చోబెట్టి డేటా సేకరించింది. అట్లాంటిదే ఇంకో డేటా కావాలి: పిల్లలు చేసే తప్పులు. ‘సౌదిలొ’, ‘ఉన్నడు’, ‘పుస్తకం’ బదులు ‘పుసతకం’. పిల్లలు ఏ ఒత్తు ఎక్కడ వదిలేస్తారో తెలిస్తేనే వాళ్ల శబ్దాన్ని బట్టి పదం ఊహించే కీబోర్డ్ తయారవుతుంది. నాచుపల్లి జేఎన్‌టీయూలోనో, సిరిసిల్ల జేఎన్‌టీయూలోనో చదువుతూ ఇది చూస్తున్న జూనియర్లకు ఒక మాట. ప్రతి ఏడాది ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ ప్రాజెక్టే చేయాలని రూలేం లేదు. దగ్గర్లో ఉన్న బడికి పోయి, హెడ్‌మాస్టర్‌ను, తల్లిదండ్రులను అడిగి, పేర్లు తీసేసి, వెయ్యి పేజీల పిల్లల రాత టైప్ చేసి ఓపెన్‌గా పెడితే, అది మీ రెజ్యూమెలో ఏ హ్యాకథాన్ సర్టిఫికెట్ కంటే బరువుంటుంది.

మిగతావాళ్లకు: టేబుల్ సొరుగులో పాత ఫోన్ ఉంటుంది, ఎక్స్చేంజ్‌లో ఐదొందలు కూడా రానిది. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి, జీబోర్డ్‌లో తెలుగు లిపి లేఅవుట్ పెట్టి, ఇంగ్లిష్ అక్షరాల తెలుగు తీసేసి, టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు వాయిస్ దించి, సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేసి, రీడ్ అలాంగ్ వేసి, యూట్యూబ్ డిజేబుల్ చేసి ఊరికి పోయేటప్పుడు పట్టుకుపోండి. అరగంట పని. వైర్ ఇయర్‌ఫోన్ మర్చిపోవద్దు.

నేను రాసే తర్వాతి బడ్జెట్ ఫోన్ రివ్యూలో ఒక కొత్త టెస్ట్ ఉంటుంది. ఒకే పేరా, అందులో ‘పోయిండు’, ‘పళ్లెం’, ‘స్త్రీ’, ‘జ్ఞాపకం’ అన్నీ ఉండాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒకసారి, సిరిసిల్లలో సాంచాల పక్కన ఒకసారి చెప్పించి, వందలో ఎన్ని మాటలు సరిగ్గా పడ్డాయో లెక్కేస్తా. పేరాలో ఇంకేం మాటలు కలపాలో మీరే చెప్పండి. కెమెరా శాంపిల్స్ ఎప్పటిలాగే ఉంటాయి.